రెండు ఆశ్చర్యార్థకాలు

సెంగా గిల్‌క్రిస్ట్‌ని అడిగితే ఏదైనా చెబుతుంది. అడక్కపోతే మాత్రం, ఎదుటివాడి కోటుకి నిప్పంటుకున్నా, "అతని కోటు, అతనికి తెలియదా" అన్నట్టు టీ తాగుతూ కూర్చుంటుంది. గోవన్‌లో మందుల షాపు మీది మేడగదుల్లో నడిచే బళ్ల ఆఫీసులో ఈ విషయం మీద రెండో అభిప్రాయం లేదు. ఆవిడంటే పడి చచ్చేవాళ్లు కూడా ఇది ఒప్పుకునేవాళ్లు. లాక్లన్ మకెకర్న్ అయితే మరీనూ.

బళ్ల ఆఫీసు అంటే పద్నాలుగు వ్యాన్లు, ఒక్కోదానిలో పన్నెండు సీట్లు. నడవలేనివాళ్లనీ, చూపు లేనివాళ్లనీ, వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవలసినవాళ్లనీ ఇళ్ల నుంచి తీసుకెళ్లి మళ్లీ ఇళ్లకి చేర్చడం వాటి పని. ఏ వ్యాను ఎవరిని ఏ వరుసలో ఎక్కించుకోవాలో రాసిన కాగితం ముందురోజు సాయంత్రం అయిదింటికల్లా డ్రైవరు చేతిలో పడాలి. వ్యాన్లు డ్రైవర్ల ఇళ్ల దగ్గరే ఉంటాయి, పొద్దున అయిదున్నరకే కదులుతాయి, ఆఫీసు తలుపేమో ఎనిమిదింటికి గానీ తెరుచుకోదు. కాగితం లేకపోతే డ్రైవరుకి ఎవరింటికి పోవాలో తెలియదు. పోనీ నిన్నటి కాగితమే పట్టుకుపోదామా అంటే రోగాలు నిన్నటిలా ఉండవు కదా.

ఒకప్పుడు ఆ కాగితాలు తయారు చెయ్యడానికి ముగ్గురు ఆడవాళ్లు పొద్దుటి నుంచీ పేర్లు రాసిన అట్టముక్కలు బల్ల మీద పరుచుకుని అటూ ఇటూ మారుస్తూ కూర్చునేవాళ్లు. ఆ ముగ్గురిలో రీటా కోయా ఒక్కతే ఇంకా ఆఫీసులో ఉంది, డ్రైవర్లతో మాట్లాడే ఫోను దగ్గర. 1991లో సెంగా వచ్చి ఆ అట్టముక్కల పనంతా ఒక ప్రోగ్రాంగా రాసి పెట్టింది. ఎనిమిదేళ్లపాటు అది ఒక్కరోజు నాగా పెట్టలేదు.

ఇంతకీ సెంగా పెద్ద చదువులు చదివింది కాదు. వాళ్లమ్మ పేరు ఆగ్నెస్, అమ్మమ్మ పేరు ఆగ్నెస్, వీధిలో మరో ఇద్దరు ఆగ్నెస్‌లు. ఇంకో ఆగ్నెస్‌ని ఇంట్లో పెట్టుకుంటే పిలిచినప్పుడు అయిదుగురు పలుకుతారని ఆ పేరు ఇంగ్లీషు అక్షరాలనే వెనక నుంచి ముందుకి చదివి పాపకి సెంగా అని పెట్టారు. ఆ ఊళ్లో అదొక వాడుక. పాప పెరిగి టైపు నేర్చుకుని గుట్ట మీది యూనివర్సిటీలో కంప్యూటర్ల శాఖలో టైపిస్టుగా చేరింది. ఎనభైల్లో అక్కడి మాస్టార్లకి బద్ధకం మీద మోజు పుట్టింది. వాళ్ల బద్ధకం కాదు, అది ఎప్పుడూ ఉన్నదే. యంత్రానికి బద్ధకం నేర్పాలని. ఏ లెక్కా ముందుగా చెయ్యకూడదు, జవాబు కావాలని అడిగినప్పుడే, అడిగినంత మేరకే చెయ్యాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారే, అదీ పద్ధతి. యంత్రానికి పనులు చెప్పే అలాంటి భాషలో అంతులేని జాబితా కూడా రాసుకోవచ్చు. ఒకటి, రెండు, మూడు, అలా లోకం ఉన్నన్నాళ్లూ. మొదటి పది ఇమ్మంటే పది ఇస్తుంది, పదకొండోదాన్ని ముట్టుకోదు.

ఆ మాస్టార్ల వ్యాసాలన్నీ టైపు చేసింది సెంగాయే. ఒకనాడు ఒక వ్యాసాన్ని సగంలో ఆపి వెనక్కి తీసుకెళ్లి ఒక పెద్ద మాస్టారి బల్ల మీద పెట్టింది. "మూడో పేజీలో ఈ జాబితా ఎప్పటికీ అయిపోదండీ. మీరేమో దాని పొడవెంతో కనుక్కోమంటున్నారు. టైపు చెయ్యమంటే చేస్తాను, నాదేం పోయింది" అంది. ఆయన చదువుకున్నాడు, ఎర్రబడ్డాడు, పడీపడీ నవ్వాడు. ఆ సాయంత్రమే ఆవిడకి శాఖలోని యంత్రం వాడుకునే అనుమతి ఇప్పించాడు. ఆ తర్వాత పదేళ్లు సెంగా పగలు టైపు చేస్తూ, మధ్యాహ్నం భోజనం గంటలో ప్రోగ్రాములు రాస్తూ గడిపింది. ఒక్క పరీక్షా రాయలేదు. ఎవరూ రాయమని అడగలేదు మరి.

లాక్లన్ ఆ ఆఫీసుకి మొదట వచ్చింది పోట్లాటకి. అతను ఐలా దీవి మనిషి, ముప్ఫై ఎనిమిదేళ్లవాడు, కొంచెం బిగుసుకుపోయే రకం. రెండేళ్ల కిందట అతని భార్య ఊనాకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మంగళ, గురు, శనివారాలు పొద్దున ఏడింటికి ఆమె ఆసుపత్రిలో ఉండాలి. లాక్లన్‌కి చిన్నప్పటి నుంచీ రేచీకటి, బండి నడపలేడు. తొమ్మిదో నంబరు వ్యానే ఆమెకి దిక్కు. ఒకరోజు ఆ వ్యాను ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని అతను మెట్లెక్కి వచ్చి రీటా మీద కేకలేశాడు. సెంగా తల తిప్పి, "ఎందుకు ఆలస్యమైందో చూస్తావా?" అంది. తెర మీద చూపించింది. అతను ఆలస్యం సంగతి మరిచిపోయి తెరనే చూస్తూ నిలబడ్డాడు. ఆ భాష అతను చదువుకున్నదే, కానీ దాన్ని ఇంత పనికొచ్చే పనికి వాడినవాళ్లని అతనెప్పుడూ చూడలేదు. సాయంత్రందాకా ప్రశ్నలు అడిగాడు. ఆవిడ అన్నిటికీ జవాబు చెప్పి, చివర్లో, "సోమవారం వచ్చెయ్. ఇక్కడో మనిషి కావాలి" అంది.

చేరిన వారంలోనే అతను అడిగాడు, "సెంగా, ఈ బద్ధకం వల్ల లాభమా నష్టమా? మా మాస్టార్లు లాభమని చెప్పారు. బయటివాళ్లు నష్టమంటారు."

"మా అమ్మ పార్టిక్‌లో చేపల వేపుడు కొట్లో పనిచేసేది" అంది సెంగా. "మామూలు రోజుల్లో ఒకటే మాట. మనిషి వచ్చి అడిగాకే దుంపముక్కలు నూనెలో వెయ్యి. వేడివేడిగా ఉంటాయి, ఒక్క ముక్క పారబొయ్యక్కర్లేదు. శనివారం ఫుట్‌బాల్ ఆట వదిలాక కూడా అదే మాట పట్టుకుని కూర్చుంటే ఏమవుతుంది? వీధి చివరిదాకా జనం, అందరి చేతుల్లోనూ డబ్బు కట్టి తీసుకున్న చీటీలు, పళ్లెంలో ఒక్క ముక్క లేదు. చీటీలు తింటారా? అందుకని శనివారం నాలుగింటికే వేపి కుప్ప పోసేది. కొన్ని మెత్తబడేవి, కొన్ని మిగిలేవి. ఏం చేస్తాం."

"అయితే ఏది మంచిదంటారు?"

"ఇవాళ ఏ వారమో చూసుకోవడం మంచిది."

నిదానమే ప్రధానం అన్నవాళ్లూ మనవాళ్లే, ఆలస్యం అమృతం విషం అన్నవాళ్లూ మనవాళ్లే. రెంటిలో ఏది ఎప్పుడు అనాలో తెలిసినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. సెంగా ఆ కొద్దిమందిలో మనిషి. లాక్లన్ ఆ సంగతి ఆ రోజే గ్రహించాడు, కానీ అంత పెద్ద విషయాన్ని దుంపముక్కల కథలో చెబితే గౌరవంగా తలకెక్కించుకోవడం కొంచెం కష్టం.

1999 వసంతంలో సెంగా ప్రోగ్రాంని అతనికి అప్పగించేసింది. అరవై నిండుతున్నాయి, ఏడాది ఆఖరుకి ఉద్యోగం మానేస్తోంది. "ఇక ఇది నీది నాయనా. నేను పక్క బల్ల దగ్గర ఉంటాను. కావాలంటే అడుగు" అంది. అంతే, ఆ రోజు నుంచి దానిమీద చెయ్యి వెయ్యలేదు.

నవంబరులో క్లైడ్‌బ్యాంక్ వైపు ప్రయాణికులందరినీ కూడా ఈ ఆఫీసుకే కలిపారు. మనుషులతో పాటు మూడేళ్ల పాత ప్రయాణాల వివరాలు వచ్చి పడ్డాయి. ప్రోగ్రాం రోజూ మొదట చేసే పని ఆ పాత ప్రయాణాలన్నిటినీ చూసి, ఏ వీధి నుంచి ఏ వీధికి సగటున ఎన్ని నిమిషాలు పడుతుందో తేల్చడం. దానికి ప్రోగ్రాంలో ఫంక్షన్ అనే చిన్న ముక్క ఒకటి ఉంది. పొడుగాటి జాబితాని చీరని మడిచినట్టు ఎడమ నుంచి మడతపెట్టుకుంటూ పోయి చివరికి ఒక్క మొత్తంగా చేతికిస్తుంది. చెప్పడానికి బాగానే ఉంటుంది. కానీ బద్ధకపు భాషలో అది కూడా బద్ధకంగానే మడుస్తుంది. పన్నెండు నిమిషాల ప్రయాణం కనిపిస్తే, కలపడం ఇప్పుడెందుకు, ఎవరూ అడగలేదుగా అని ఒక చీటీ రాసి పక్కన పెడుతుంది. తర్వాతి ప్రయాణానికి మరో చీటీ. పాత లెక్కలకి ఆ చీటీలు మెమరీలో ఎలాగో పట్టేవి. కొత్తవి కలిసేసరికి పట్టలేదు. శుక్రవారం మధ్యాహ్నం యంత్రం చీటీలతో పీకలదాకా నిండిపోయి పడిపోయింది.

శనివారానికీ, సోమవారానికీ జనం తక్కువ కాబట్టి రీటా పాత అట్టముక్కలు దులిపి చేత్తోనే కాగితాలు రాసింది. ఆదివారం బళ్లు లేవు. సోమవారం సాయంత్రానికి మాత్రం మంగళవారం తిరగాల్సిన పద్నాలుగు వ్యాన్ల కాగితాలూ కావాలి.

"నేను చూసుకుంటాను సెంగా" అన్నాడు లాక్లన్. ఆ గొంతులో అభిమానం ఉంది. వయసు మళ్లిన టైపిస్టుని అడగకుండా చెయ్యగలననే పంతం కూడా కొంచెం ఉంది, ఆ సంగతి అతనే తర్వాత ఒప్పుకున్నాడు.

"సరే" అని సెంగా కోటు వేసుకుని వెళ్లిపోయింది.

జబ్బేమిటో అతను సరిగానే పట్టాడు. ఆ మడతపెట్టే ఫంక్షన్‌కి ఒక కవల ఉంది. అదే పేరు, తోక దగ్గర చిన్న గీత, అంతే తేడా. ఆ గీత ఉన్నది చీటీలు రాయదు, ఎప్పటిదప్పుడు లెక్క చేస్తుంది. శనివారం అతను ఆ గీత పెట్టాడు. సోమవారం పదకొండింటికి నడిపి చూశాడు. మళ్లీ అలాగే నిండిపోయి అలాగే పడిపోయింది. గీత పెట్టినా చీటీలెక్కడి నుంచి వస్తున్నాయో అతనికి అంతుపట్టలేదు. అప్పుడు, గాభరాలో మనుషులు చేసే పనే అతనూ చేశాడు. ఎక్కడెక్కడ బద్ధకం ఉందో అక్కడల్లా దాన్ని పీకేశాడు. ప్రతి జాబితానీ చివరిదాకా తయారుచేశాకే ముందుకి కదలమని శాసించాడు. ఒంటిగంటకి మళ్లీ నడిపాడు.

ఈసారి పడిపోలేదు. బతికీ లేదు. డిస్కు గిరగిర తిరుగుతోంది, ఫ్యాను హోరెత్తిపోతోంది, ప్రింటరు దగ్గర తెల్ల కాగితాలు తెల్లగానే ఉన్నాయి. రెండయింది. రెండున్నర అయింది.

"ఏమయ్యా, లోపల పిండి గానీ రుబ్బుతున్నావా?" అంది రీటా. "డ్రైవర్లు నాలుగింటి నుంచి వస్తారు. నా అట్టముక్కలతో రేపటికి కావాలంటే నువ్వు నాకు ఇద్దరు మనుషుల్నీ, నిన్నటి పొద్దునీ ఇవ్వాలి."

లాక్లన్ క్యాలెండరు వైపు చూశాడు. రేపు మంగళవారం. పెళ్లాం మొహం అతని కళ్ల ముందు ఆడుతోంది. కిందటేడు ఒక్కసారి రక్తశుద్ధి తప్పిపోతే ఊనా ఊపిరితిత్తుల్లో నీరు చేరి, రెండు దిండ్లు పెట్టుకున్నా పడుకోలేక, అతని చొక్కా పట్టుకుని కూర్చుంది. ఆమె ఒక్కతే అయితే టాక్సీలో తీసుకుపోవచ్చు. ఆ పద్నాలుగు వ్యాన్లలో ఆమెలాంటివాళ్లు నలభైమంది ఉన్నారు, వాళ్లందరికీ ఏ టాక్సీలు పిలుస్తాడు? తన చేతులతో వాళ్లందరినీ ఇంట్లో కూర్చోబెడుతున్నాడు.

మూడింటికి ఇరవై నిమిషాలు తక్కువ. అతను కుర్చీ తిప్పాడు.

"సెంగా. ఒకసారి వచ్చి చూస్తారా?"

ఆవిడ కప్పు కింద పెట్టి అతని పక్కకి వచ్చి కూర్చునేసరికి ఆ మాట ఇంకా పూర్తి కానే లేదు. కళ్లద్దాలు అప్పటికే తుడుచుకుని పెట్టుకుని ఉంది.

"ఏం చేశావు?"

"బద్ధకం తీసేశాను."

"ఎక్కడ?"

"అంతటా."

సెంగా కాసేపు తెర చూసింది. "ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టావన్నమాట" అంది, కోపం లేకుండా. "పన్నెండుమంది ప్రయాణికుల్ని ఎన్ని వరుసల్లో ఎక్కించుకోవచ్చు?"

అతను మనసులో లెక్కవేశాడు. "నలభై ఏడు కోట్ల తొంభై లక్షలు."

"పాతదైతే ఒక వరుస పుట్టించేది, బాగుందా అని చూసేది, బాగాలేకపోతే ఇంకోటి. సరిపడేది దొరగ్గానే చెయ్యి కడుక్కునేది. నువ్వేమో నలభై ఏడు కోట్లనీ పుట్టించి, స్నానాలు చేయించి, బారులు తీర్చి నిలబెట్టాక అప్పుడు మొదటివాణ్ణి పలకరించమన్నావు. అది పాపం చేస్తూనే ఉంది."

రీటా అవతల నుంచి, "మా ఆయన చుట్టాల పెళ్లిళ్లు కూడా ఇంతే" అంది.

"ఆపెయ్" అంది సెంగా. "వరుసల దగ్గర బద్ధకం తిరిగి పెట్టెయ్. అక్కడ అది మేలు చేసే బద్ధకం."

అతను పెట్టేశాడు. "కానీ ఆ నిమిషాల లెక్క దగ్గర గీత పెట్టాను కదా. అయినా పడిపోయింది. అదే నాకు అర్థం కావడం లేదు. పొద్దుటి నుంచీ బుర్ర పగలగొట్టుకుంటున్నాను."

"గీత ఎంతవరకు చూస్తుంది?"

"అంటే?"

సెంగా తన బల్ల మీంచి మధ్యాహ్నం తినగా మిగిలిన రొట్టె పొట్లం తెచ్చి అతని ముందు పెట్టింది. "ఇదేమిటి?"

"పొట్లం."

"లోపల ఏముంది?"

"నాకేం తెలుసు? విప్పలేదుగా."

"గీత కూడా అంతే. నీ మడత ఒక్క అంకెని మొయ్యడం లేదు, రెండింటిని జతగా మోస్తోంది. నిమిషాల మొత్తం ఒకటి, ఎన్ని ప్రయాణాలో ఒకటి. రెండూ లేకపోతే సగటు రాదు. గీత ప్రతిసారీ వచ్చి అడుగుతుంది, పొట్లం ఉందా? ఉంది. సరే అని పోతుంది. విప్పి చూడమని దానికెవరూ చెప్పలేదు. లోపల రెండు చీటీలూ హాయిగా లావెక్కుతూనే ఉంటాయి."

లాక్లన్ ఆ పొట్లాన్ని వేలితో తట్టాడు. "అయితే చెప్పాల్సింది గీతకి కాదు" అన్నాడు మెల్లగా. "పొట్లానికే చెప్పాలి. లోపల చీటీలు పెట్టుకోవడానికి వీల్లేదని."

"చెప్పు మరి."

ఆ భాషలో అలా చెప్పడానికి ఒక గుర్తుంది. మనం ఉత్తరాల్లో ఆశ్చర్యానికి పెట్టుకునే గుర్తే. అక్కడ దాని అర్థం "ఇప్పుడే" అని. లాక్లన్ ఆ జతని వర్ణించిన వాక్యంలో నిమిషాల మొత్తం ముందు ఒకటి, ప్రయాణాల సంఖ్య ముందు ఒకటి, రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టాడు. సెంగా కీబోర్డు ముట్టుకోలేదు. అతను హడావిడిగా కొడుతుంటే మాత్రం, "నెమ్మదిగా, నాయనా" అంది.

"ఇది మొదట రాసింది నేనేలే" అంది మళ్లీ, ఎవరూ నిందించకుండానే. "అప్పట్లో యాభైవేల ప్రయాణాలు కూడా లేవు. ఇది నాకు తెలియక కాదు, అప్పుడు అక్కర్లేదని. నా బద్ధకమే ఇది, నీకు చుట్టుకుంది."

"మరి శుక్రవారమే చెప్పి ఉండొచ్చు కదా, సెంగా?" ఆ మాట అతని నోటి నుంచి కొంచెం వాడిగానే వచ్చింది.

"నువ్వు అడగలేదు."

ఒక్క క్షణం లాక్లన్‌కి ఒళ్లు మండింది. నలభైమంది ప్రాణాల మీదికి వస్తే కూడా అడగాలా? అయినా చూసుకుంటానన్నది ఎవరు? తనేగా. ఆ రెండు ఆలోచనలూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. సెంగా తల వంచుకుని పొట్లం తాడు విప్పుతూ, ముడివేస్తూ కూర్చుంది. ఆ మాట ఆవిడకీ గుచ్చుకున్నట్టే ఉంది.

మూడుంపావుకి ప్రోగ్రాం కదిలింది. ఆరు నిమిషాల్లో పాత ప్రయాణాల లెక్కంతా తేలింది, మెమరీ పెరగాల్సినంతకి మించి వీసమెత్తు పెరగలేదు. ఇక వ్యాన్ల కాగితాలు. బద్ధకం చేసే మేలు మళ్లీ ఇక్కడ కనిపిస్తుంది. పద్నాలుగూ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. ఏ వ్యాను కాగితం ముందు అడిగితే అది ముందు లెక్క కట్టి, అచ్చు వేసి, అప్పుడు రెండోదాని సంగతి చూస్తుంది.

"అన్నీ అయిదింటిలోపు రావు" అంది సెంగా గడియారం చూసి. "ఏవి ముందు కావాలో నువ్వే అడుగు."

లాక్లన్ వ్యాన్ల నంబర్లు వరుసగా కొట్టాడు. దూరం పోయేవి ముందు, రక్తశుద్ధికి ఎక్కువమంది ఉన్నవి ముందు. రీటా అతని భుజం మీదుగా వంగి చదివింది.

"తొమ్మిది ఎక్కడ? ఊనాది తొమ్మిదే కదా. ఆసుపత్రికి పోయేవాళ్లు అందులో అయిదుగురున్నారు. చివర పెట్టావేమిటి?"

"ఊనాది కాబట్టే" అన్నాడతను.

రీటా తన ఫోను దగ్గరికి వెళ్లిపోయింది.

కాగితాలు ఒక్కొక్కటే రాసాగాయి. మొదటిది ప్రింటరు లోంచి బయటికి వచ్చినప్పుడు లాక్లన్ దాన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులతో అందుకున్నాడు. డ్రైవర్లు తడి బూట్లతో మెట్లెక్కి వచ్చి, వాళ్ల కాగితం తీసుకుని, రీటాతో రెండు మాటలు విసురుకుని వెళ్లిపోతున్నారు. అయిదయ్యేసరికి పదమూడు వ్యాన్ల కాగితాలు గడప దాటాయి. మిగిలింది తొమ్మిది. అది ఎప్పుడూ మొండిదే. పన్నెండు సీట్లూ నిండాయి, రెండు చక్రాల కుర్చీలు, అయిదుగురు ఏడింటికల్లా చేరాలి. యంత్రం ఒక వరుస, ఇంకో వరుస వెతుకుతూనే ఉంది.

తొమ్మిదో వ్యాను డ్రైవరు మాల్కీ తలుపు దగ్గర టోపీ చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. అయిదున్నరకి అతని కూతురిని చూసుకునే ఆవిడ తలుపేసుకుంటుంది. అతని ఇంట్లో ఫోను నెల్లాళ్లుగా పనిచెయ్యడం లేదు. పదినిమిషాలు ఆగాడు.

"నేను పోవాలి లాక్లన్. పాప చీకట్లో మెట్ల మీద కూర్చుంటుంది. ఏమీ అనుకోకు."

"పో" అన్నాడు లాక్లన్. ఏమంటాడు?

అయిదూ ఇరవై అయిదుకి తొమ్మిదో కాగితం వచ్చింది. చక్కటి వరుస. ఊనా పేరు మూడోది, ఆరూ నలభైకి. కాగితం ఉంది, డ్రైవరు లేడు. మాల్కీ ఉండేది ఈస్టర్‌హౌస్‌లో, ఊరికి ఆ కొసన, రెండు బస్సులు మారాలి. బయట చీకటి పడి గంట దాటింది, ఏటవాలు వాన కిటికీలని కొడుతోంది.

"నేను తీసుకెళ్తాను" అన్నాడు లాక్లన్.

"ఆ కళ్లతోనా?" అంది రీటా. "నీకు మన వీధి మలుపే కనబడదు. ఈస్టర్‌హౌస్‌లో ఏ మేడో ఎలా పోల్చుకుంటావు?"

"అడుక్కుంటూ పోతాను. ఊనాకి ఆలస్యమవుతుందని చెప్పి వస్తా."

లోపలి గదిలోకి వెళ్లి ఇంటికి ఫోను చేశాడు. ఊనాతో ఏం జరిగిందో చెప్పలేదు, పని ఉందన్నాడు. ఆమె సరేనంది, గొడుగు ఉందా అని అడిగింది. అతను తిరిగి వచ్చి కోటు వేసుకుని కాగితం కోసం ప్రింటరు దగ్గరికి వెళ్లాడు. అక్కడ కాగితం లేదు. బల్లల మీద వెతికాడు. సెంగా కుర్చీ ఖాళీగా ఉంది.

"రీటా, తొమ్మిది ఏది?"

రీటా కిటికీ దగ్గర నిలబడి ఉంది. అటు నుంచి తల తిప్పలేదు. "ఇలా రా" అంది.

అతను వెళ్లి నిలబడ్డాడు. అతనికి అద్దం మీద నల్లటి నలుపు తప్ప ఏమీ కనబడలేదు.

"నాకు కనబడదు రీటా. ఏముందో నువ్వే చెప్పు."

"మీ సెంగా. ఎదురుగా బస్సు స్టాపులో నిలబడి ఉంది. ఆవిడ ఇంటికి పోయే స్టాపు అది కాదు."

"ఈస్టర్‌హౌస్ వైపుదా?"

"ఆ. టోపీ కూడా పెట్టుకోలేదు, పిచ్చిది. కోటు బొత్తాలు విప్పి లోపల ఏదో దోపుకుని మళ్లీ పెట్టుకుంటోంది. బస్సొచ్చింది. ఎక్కింది."

"నేను అడగలేదు" అన్నాడు లాక్లన్. "నేను ఆవిడని అడగనే లేదు."

"నేనూ అడగలేదు" అంది రీటా. "ఎనిమిదేళ్ల నుంచి చూస్తున్నాను. ఎవరూ అడక్కుండా ఆవిడ కుర్చీలోంచి లేవడం ఇదే మొదలు."

లాక్లన్ ఆ నల్లటి అద్దం ముందే నిలబడి, కనబడని బస్సు వైపు చూస్తూ, సిగ్గుపడకుండా ఏడ్చాడు. రీటా దీపాలు ఆర్పే పని పెట్టుకుని పక్క గదిలోకి వెళ్లింది.

మర్నాడు ఆరూ నలభైకి లాక్లన్ వాళ్ల గుమ్మం ముందు హారన్ మోగింది. మాల్కీ దిగి వచ్చి ఊనాకి చెయ్యి అందించి మెట్టెక్కించాడు, మోకాళ్ల మీద దుప్పటి కప్పాడు. తర్వాత లాక్లన్ దగ్గరికి వచ్చి జేబులోంచి కాగితం తీశాడు.

"నిన్న ఆవిడ వచ్చేసరికి మేం భోజనాలు చేస్తున్నాం. నాలుగు బ్లాకుల్లో తలుపులు కొట్టుకుంటూ వచ్చిందట, నా ఇంటి నంబరు తెలియక. జుట్టు నుంచి బూట్లదాకా నీళ్లు కారుతున్నాయి. లోపలికి రా, టీ తాగు అంటే వినలేదు, బస్సు పోతుందంది. ఇది చేతిలో పెట్టి వెళ్లిపోయింది." అతను కాగితాన్ని మడత విప్పి చూపించాడు. "చూడు, దీని మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు."